కొత్త ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ ఎప్పటి నుంచి? తాళాలు తీసుకున్న రోజు నుంచా, పాలు పొంగించిన రోజు నుంచా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైంది చెప్తాను, ఎక్కడైనా తప్పయితే సరిదిద్దండి. ఇంగ్లండ్‌లో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నారు. 2025 జూన్ 27, శుక్రవారం తాళాలు చేతికొచ్చాయి. అప్పటికే ఆషాఢం వచ్చేసింది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారు, శ్రావణం దాకా ఆగి జులై 31న పాలు పొంగించి ఆ రోజే సామానుతో దిగారు. అద్దె ఇంటి కాంట్రాక్టు ఆగస్టు 15 దాకా ఉంది. అక్టోబరులో కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అంటే ఇక్కడి స్థానిక సంస్థ అయిన కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను బిల్లు, వచ్చింది. ఇ బ్యాండ్ (ఇంటి విలువని బట్టి వేసే పన్ను తరగతి), లెక్క జూన్ 27 నుంచి. బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడెవరో "మీ ప్లాట్ కంప్లీషన్ డేట్ జూన్ 2 కదా" అన్నారు, దాంతో జూన్ 2 నుంచి కూడా అడుగుతారేమో అని ఇంకో భయం పట్టుకుంది. పైగా మీ స్నేహితుడు వేరే ఊళ్ళో దాదాపు అంతే ధరకి కొన్న ఇంటికి డి బ్యాండ్ పడింది.

నేను ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది, అందులో ఆరేళ్ళు ఒక కౌన్సిల్‌లో ఈ పన్ను బిల్లులు వేసే విభాగంలోనే పనిచేశాను, సొంతానికి రెండుసార్లు కొత్త ఇల్లు కొన్నాను. కాబట్టి బల్లకి రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లాండ్‌లో విలువ కట్టేవాళ్ళే వేరు, వేల్స్‌లో 2003 విలువల మీద లెక్క, ఐ అని తొమ్మిదో బ్యాండ్ కూడా ఉంది, నార్తర్న్ ఐర్లండ్‌లో అసలు ఈ పన్నే లేదు, అక్కడ రేట్స్ కడతారు.

సూటిగా జవాబు ఇదీ. జూన్ 27 నుంచి మీరే కట్టాలి. జూన్ 2 నుంచి 26 దాకా ఉన్నది బిల్డర్ బాధ్యత, మీ దగ్గరికి రాదు. జులై 31 నుంచే కడతాను అని వాదిస్తే నిలవదు, కానీ మధ్యలో ఇల్లు ఖాళీగా ఉన్న 34 రోజులకి కొంత తగ్గింపు దొరికే అవకాశం ఉంది, అది మీ కౌన్సిల్‌ని బట్టి ఉంటుంది. బ్యాండ్ సంగతి విడిగా చూసుకోవాలి, దానికి గడువు ఉంది, దాన్ని మాత్రం వదలొద్దు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. ఈ గందరగోళం అంతా కంప్లీషన్ అనే ఒక్క మాట దగ్గరే పుడుతుంది. కొత్త ఇంటి విషయంలో ఈ మాట మూడు చోట్ల వినపడుతుంది, మూడింటికీ తేదీలు వేరు, ఇచ్చేవాళ్ళు వేరు. ఒకటి, ఇల్లు నిబంధనల ప్రకారం కట్టారని బిల్డింగ్ కంట్రోల్ వాళ్ళు ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్. రెండోది మీ సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) చెప్పే కంప్లీషన్, అంటే డబ్బు బిల్డర్ ఖాతాకి చేరి, ఇల్లు మీ సొంతమై, తాళాలు మీ చేతికి వచ్చే రోజు. మీకు అది జూన్ 27. మూడోది కౌన్సిల్ ఇచ్చే కంప్లీషన్ నోటీసు, అది పన్ను కోసం, ఫలానా రోజు నుంచి ఈ ఇంటిని పూర్తయిన ఇల్లుగా లెక్కేస్తున్నాం అని యజమానికి పంపే కాగితం. బిల్డర్ ఆఫీసులో మీకు చెప్పిన జూన్ 2 ఈ మూడోదే అయి ఉండాలి. మన వాళ్ళు ఫోన్‌లో కంప్లీషన్ అనగానే అవతలివాళ్ళు ఏ కంప్లీషన్ గురించి మాట్లాడుతున్నారో తెలియకుండానే సగం సంభాషణ అయిపోతుంది. ఇక నుంచి ఎవరు ఆ మాట అన్నా "ఎవరిచ్చిన కంప్లీషన్?" అని అడగండి.

ఈ మూడో కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పన్ను మొదలయ్యేది దాని దగ్గరే. కౌన్సిల్ ట్యాక్స్ 1993 ఏప్రిల్ 1న వచ్చింది, 1992 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ చట్టం కింద. కంప్లీషన్ నోటీసు పద్ధతి దానికన్నా పాతది, 1988 చట్టంలోని షెడ్యూల్ 4ఎలో ఉంది, 1992 చట్టం 17వ సెక్షన్ దాన్ని ఇళ్ళకి కూడా వర్తింపజేసింది. ఆ పద్ధతి ఎందుకు పెట్టారంటే, అది లేకపోతే యజమాని ఒక వాష్ బేసిన్ బిగించకుండా ఏళ్ళ తరబడి "ఇంకా పూర్తి కాలేదు" అని కూర్చోవచ్చు. అందుకని ఇల్లు పూర్తయిపోయినా, లేదా మిగిలిన పని మూడు నెలల్లో అయిపోతుందని అనిపించినా, కౌన్సిల్ నోటీసు ఇచ్చి ఒక తేదీ వేయొచ్చు. ఆ తేదీ నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలకి మించి ఉండకూడదు. ఆ తేదీ దాటితే లోపల వంటగది అల్మారాలు బిగించకపోయినా సరే, చట్టం దృష్టిలో ఇల్లు పూర్తయినట్టే.

మా దగ్గర ఎలా జరిగేదంటే, కొత్త కాలనీ కడుతున్న చోటికి ఒక ఇన్‌స్పెక్టర్ రెండు మూడు వారాలకోసారి వెళ్ళేవాడు. చేతిలో సైట్ ప్లాను, ప్లాట్ నంబర్ల పట్టిక, పసుపు రంగు హైలైటర్. తాళం వేసి ఉన్న ఇంటికి కిటికీలోంచి చూసేవాడు, ప్లాస్టరింగ్ అయిందా, రేడియేటర్లు గోడకి ఎక్కాయా, వంటగదిలో సింకు కనపడుతోందా, బయట మీటరు పెట్టె ఉందా అని. పై కప్పు వేసి కిటికీలు పెట్టిన ఇల్లు ఒక గుర్తు, లోపల పని నడుస్తున్నది ఇంకో గుర్తు, మనుషులు దిగినది హైలైటర్. సాయంత్రం ఆ కాగితం మా టేబుల్ మీదికి వచ్చేది, దాన్ని చూసి నోటీసులు తయారుచేసేవాళ్ళం. పెద్ద బిల్డర్లయితే చాలాసార్లు వాళ్ళే ఏ ప్లాటు ఏ వారం పూర్తవుతుందో పట్టిక పంపేవాళ్ళు, తేదీ రాతపూర్వకంగా ఒప్పుకునేవాళ్ళు, గొడవ ఉండేది కాదు. నోటీసు ఇవ్వకుండానే ఇల్లు పూర్తయి మనుషులు దిగితే నోటీసుతో పని లేదు, నిజంగా పూర్తయిన తేదీ నుంచే లెక్క.

ఇక ఎవరు కట్టాలి అనేది. మన దగ్గర హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఇంటి పన్ను అంటే ఓనరు కట్టేది, అద్దెకున్నవాళ్ళకి దాంతో సంబంధం ఉండదు. ఇక్కడ ముందు ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారు అని చూస్తారు, ఎవరూ ఉండకపోతేనే యజమాని దగ్గరికి వస్తారు. మీ ఇంట్లో జులై 31 దాకా ఎవరూ ఉండటం లేదు, కాబట్టి యజమాని కట్టాలి. జూన్ 26 దాకా యజమాని బిల్డరు, 27 నుంచి మీరు. ఆ ఒక్క 27వ తేదీ ఎవరిది అని కూడా కొందరు అడుగుతారు, "పొద్దున్న బిల్డర్‌దే కదా, మధ్యాహ్నం కదా మాకు తాళాలిచ్చారు" అని. కౌన్సిల్ ట్యాక్స్ రోజు లెక్కన నడుస్తుంది, రోజు ముగిసే సమయానికి పరిస్థితి ఎలా ఉందో ఆ రోజంతా అలాగే ఉన్నట్టు పరిగణిస్తారు. రాత్రి పన్నెండింటికి ఇల్లు మీది, కాబట్టి ఆ రోజు మీది. మీరు తాళం తీసి లోపల అడుగు పెట్టలేదన్నది, గృహప్రవేశం ఇంకా కాలేదన్నది ఇందులో లెక్కలోకి రాదు. ఆషాఢంలో దిగకపోవడం మన ఇళ్ళలో మామూలే, నేనూ పాటించాను, అందులో తప్పేం లేదు. కాకపోతే జూన్, జులై నెలల్లో తాళాలు వచ్చేలా ఉంటే, ఆ ఆగిన రోజుల పన్ను కూడా ఖర్చుల్లో రాసుకోవాలి. వీలుంటే కాంట్రాక్టులు మార్చుకునే (రెండు వైపులా సంతకాలు పెట్టి కొనుగోలు ఖాయం చేసుకునే) ముందే సొలిసిటర్ ద్వారా బిల్డర్‌తో తేదీ మాట్లాడుకోవడం మంచిది, కొన్నిసార్లు రెండు మూడు వారాలు అటూఇటూ జరుపుతారు.

డబ్బు లెక్క చూద్దాం. మీ కౌన్సిల్ అంకె నా దగ్గర లేదు కాబట్టి 2025-26లో ఇంగ్లండ్ సగటు డి బ్యాండ్ మొత్తం తీసుకుంటున్నాను, అది 2,280 పౌండ్లు. ఇ బ్యాండ్ అంటే దానికి తొమ్మిదింట పదకొండు వంతులు, అంటే 2,787 చిల్లర లేకుండా. రోజుకి 7 పౌండ్ల 63 పెన్నీలు. జూన్ 27 నుంచి మార్చి 31 దాకా 278 రోజులు, దాదాపు 2,122 పౌండ్లు. మీరు గొడవ పడాలనుకుంటున్న 34 రోజులు, అంటే జూన్ 27 నుంచి జులై 30 దాకా, సుమారు 260 పౌండ్లు.

ఈ 260లో ఎంత తగ్గుతుంది? ఒకప్పుడు సామాను లేని ఖాళీ ఇంటికి ఆరు నెలల దాకా పన్ను ఉండేది కాదు, ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ పాత సమాధానాలు తిరుగుతుంటాయి, నమ్మకండి. ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్‌లో దాన్ని తీసేసి, ఎంత తగ్గించాలో, ఎన్నాళ్ళు తగ్గించాలో ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ నిర్ణయించుకోవచ్చని వదిలేశారు. కొన్ని చోట్ల ఒక నెల పూర్తిగా మాఫీ ఉంటుంది, కొన్ని చోట్ల వారం, చాలా చోట్ల సున్నా. మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఖాళీ ఇళ్ళ పేజీ తెరిచి "అన్‌ఆక్యుపైడ్ అండ్ అన్‌ఫర్నిష్డ్" అనే మాట కోసం వెతకండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు కూడా దీన్ని మర్చిపోతుంటారు. ఆ తగ్గింపు సాధారణంగా ఇంటికి ఇచ్చేది, యజమానికి కాదు. ఉదాహరణకి మీ కౌన్సిల్ 28 రోజులు మాఫీ ఇస్తుందనుకుందాం. ఇల్లు పూర్తయినట్టు లెక్కేసింది జూన్ 2న. ఆ రోజు నుంచి గడియారం తిరగడం మొదలై బిల్డర్ చేతిలో ఉండగానే 25 రోజులు అయిపోయాయి. మీకు మిగిలేది జూన్ 27, 28, 29, మూడే మూడు రోజులు, ఇరవైమూడు పౌండ్లు. కాబట్టి అడిగేటప్పుడు "మాఫీ ఉందా" అని మాత్రమే కాకుండా "బిల్డర్ ఎన్ని రోజులు వాడుకున్నాడు, ఇంకా ఎన్ని మిగిలాయి" అని అడగండి. ఇంకొకటి, ఆ మధ్యలో సోఫా, మంచం డెలివరీ తీసుకుని పెట్టేసి ఉంటే అన్‌ఫర్నిష్డ్ అనడానికి వీలుండదు. డెలివరీ తేదీ ఏదో నిజం చెప్పండి. రెండు మూడు వందల కోసం అబద్ధం రాసి సంతకం పెట్టొద్దు, తప్పుడు వివరాలిస్తే 70 పౌండ్ల జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కి ఉంది, అంతకన్నా పెద్దది మీ పేరు.

రెండిళ్ళకీ ఒకేసారి ఎలా కట్టించుకుంటారు అని కూడా అడిగారు. కట్టించుకోవచ్చు. జులై 30 దాకా అద్దె ఇంట్లో ఉంటున్నారు కాబట్టి అక్కడ ఉంటున్న మనిషిగా కట్టాలి, కొత్త ఇంటికి యజమానిగా కట్టాలి. జులై 31 నుంచి ఆగస్టు 15 దాకా అద్దె ఇల్లు ఖాళీ, కానీ ఆరు నెలలు గానీ అంతకన్నా ఎక్కువ కాలానికి గానీ రాసుకున్న కాంట్రాక్టు ఇంకా నడుస్తుంటే, ఖాళీ చేసినా ఆఖరి రోజు దాకా బాధ్యత అద్దెదారుదే, ఇంటి ఓనరుది కాదు. ఆ తాళాలు ముందుగా ఇచ్చేసి, ఓనరు ఆ తేదీకే కాంట్రాక్టు ముగిసిందని రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ తేదీతో ఆగిపోతుంది, ఆ ఈమెయిల్ ఉందేమో వెతకండి.

బిల్లు అక్టోబరులో వచ్చింది, ఇంత ఆలస్యంగా పంపి పాతదంతా ఎలా అడుగుతారు అన్న కోపం నాకు బాగా అర్థమవుతుంది. నా మొదటి కొత్త ఇంటికి ఎనిమిది నెలలు బిల్లే రాలేదు. దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో నమోదు చేయబోతే డ్రాప్‌డౌన్‌లో మా వీధి పేరే లేదు. ఫోన్ చేస్తే "మీ ఇల్లు ఇంకా మా జాబితాలో లేదు, వచ్చాక మేమే పంపుతాం" అన్నారు, సరే అనుకున్నాను. ఒక రోజు వీధి చివర ఉండే పెద్దాయన తలుపు కొట్టి ఒక కవరు ఇచ్చాడు. దాని మీద ఇంటి నంబరు కాదు, "ప్లాట్ 47" అని ఉంది. మా ప్లాట్ నంబరు 47, ఇంటి నంబరు 12. పోస్ట్‌మాన్ ఆ కవరుని 47వ నంబరు ఇంట్లో వేశాడు, ఆయన వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఉండి అది మూడు వారాలు వాళ్ళ గుమ్మం లోపలే పడి ఉంది. తెరిచి చూస్తే ఎనిమిది నెలల బాకీ ఒకేసారి, మొదటి వాయిదా తేదీ దాటి నాలుగు రోజులు. ఆ రాత్రి మా ఆవిడా నేనూ టేబుల్ దగ్గర కూర్చుని ఏ ఖాతాలో ఎంత ఉందో లెక్కపెట్టుకున్నాం. ఇంటి డిపాజిట్‌కి ఉన్నదంతా ఊడ్చి పెట్టిన ఏడాది అది.

అలా జరిగినా చట్టప్రకారం ఆ బాకీ పోదు. బిల్లు వేయాలంటే ముందు ఇంటికి బ్యాండ్ ఉండాలి, బ్యాండ్ వేసేది కౌన్సిల్ కాదు, వాల్యుయేషన్ ఆఫీస్ అనే ప్రభుత్వ విభాగం. కౌన్సిల్ వాళ్ళకి సమాచారం పంపాలి, వాళ్ళు ఇంటి కొలతలు చూసి బ్యాండ్ వేసి తిరిగి పంపాలి, ఆ తర్వాత బిల్లు. దీనికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. బ్యాండ్ ఎప్పుడు పడినా అమల్లోకి వచ్చే తేదీ వెనక్కే వెళ్తుంది. అందుకే కొత్త ఇల్లు కొన్న ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒకటే, తాళాలు వచ్చిన నెల నుంచే రెండు వందలో రెండున్నర వందలో పక్కన వేస్తూ ఉండండి, ఆ డబ్బు మీది కాదు అనుకోండి.

అయితే ఎలా కట్టాలి అన్నదాంట్లో మాత్రం మీ మాటకి బలం ఉంది. ఆలస్యం మీ వల్ల జరగలేదు కాబట్టి వాయిదాలు మార్చి 31 దాకా సాగదీయమని అడగండి. పైన వేసిన లెక్కలో అయితే నవంబరు నుంచి మార్చి దాకా ఐదు వాయిదాలు, నెలకి సుమారు 424. అది కూడా కష్టమైతే వచ్చే ఏడాదిలోకి కొంత జరపమని, మీ నెల జీతం ఖర్చుల వివరాలతో రాయండి. నేను పనిచేసిన చోట అలా రాసినవాళ్ళకి చాలావరకు ఒప్పుకునేవాళ్ళం, కోర్టుకి వెళ్ళడం కన్నా కౌన్సిల్‌కీ అదే నయం. చేయకూడని పని ఒకటుంది, గొడవ తేలేదాకా కట్టను అని ఆపేయడం. వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, ఏడు రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత ఇంకో ఏడు రోజులకి ఏడాది మొత్తం ఒక్కసారిగా కట్టాల్సి వస్తుంది, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు, ఖర్చులు, లయబిలిటీ ఆర్డర్ (బాకీ వసూలు చేసుకునే అధికారం కౌన్సిల్‌కి ఇచ్చే కోర్టు ఉత్తర్వు). నెమ్మదస్తులు, ఒక్క ఈఎంఐ తప్పనివాళ్ళు కోపంలో ఈ దారిన పడి బాధపడటం నా టేబుల్ మీదే చాలాసార్లు చూశాను. కడుతూ వాదించండి, గెలిస్తే మిగిలింది తిరిగి వస్తుంది.

ఇప్పుడు బ్యాండ్. మీ స్నేహితుడి ఇల్లు వేరే ఊళ్ళో అంతే ధర అన్నది పనికొచ్చే పోలిక కాదు. ఇంగ్లండ్‌లో బ్యాండ్ ఇవాళ్టి ధరని బట్టి వేయరు, మీ ఇల్లు 1991 ఏప్రిల్ 1న ఉండి ఉంటే ఎంతకి అమ్ముడుపోయేది అనే ఊహ మీద వేస్తారు. 2025లో కట్టిన ఇంటికి కూడా అంతే. 68 వేలు దాటి 88 వేల దాకా అయితే డి, అక్కడి నుంచి లక్షా ఇరవై వేల దాకా ఇ. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్కో ఊళ్ళో ధరలు ఒక్కోలా పెరిగాయి, కాబట్టి ఇవాళ ఒకే ధర ఉన్న రెండు ఇళ్ళు అప్పట్లో చాలా దూరంగా ఉండి ఉండొచ్చు. మీరు చూడాల్సింది మీ కాలనీలోనే మీ మోడల్ ఇళ్ళు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వీధిలో అన్ని ఇళ్ళ బ్యాండ్లూ కనపడతాయి, డబ్బు కట్టక్కర్లేదు. బిల్డర్ ఇచ్చిన బ్రోచర్ తీసి, మీ మోడల్ పేరు, చదరపు మీటర్లు చూసి, అదే మోడల్ ఇంకెక్కడ ఉందో సైట్ ప్లానులో గుర్తు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిపోల్చండి. అవన్నీ డి అయి మీదొక్కటే ఇ అయితే బలమైన కేసు. అన్నీ ఇ అయితే కాలనీ పక్కనే 1980లలో కట్టిన, అదే సైజు ఇళ్ళు చూడండి, అవి 1991 విలువకి దగ్గర సాక్ష్యం.

ఈ ఇంటికి మీరు మొదటిసారి పన్ను చెల్లింపుదారు అయిన రోజు నుంచి ఆరు నెలల లోపు బ్యాండ్‌ని అధికారికంగా సవాలు చేసే హక్కు మీకుంది. జూన్ 27 నుంచి లెక్కేసుకుంటే డిసెంబరు 27, పండగ సెలవుల మధ్యలో పడుతుంది, కాబట్టి నవంబరులోనే పంపేయండి. వాల్యుయేషన్ ఆఫీస్ కాదంటే వాళ్ళ నిర్ణయం వచ్చాక మూడు నెలల్లో, ఇలాంటి వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, దానికీ ఫీజు లేదు. సగటు లెక్కన డికి ఇకి తేడా ఏడాదికి 507 పౌండ్లు, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ. మీరు పోరాడాలనుకుంటే ఆ 34 రోజుల మీద కాదు, ఇక్కడ పెట్టండి మీ ఓపిక. ఒక హెచ్చరిక ఏంటంటే బ్యాండ్ తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చు, పెరగనూ వచ్చు, సాక్ష్యం చూసుకున్నాకే అడగండి. తగ్గిస్తాం, వచ్చినదాంట్లో మాకు వాటా ఇవ్వండి అని ఫోన్లు చేసే కంపెనీలు ఉంటాయి, ఈ పనికి వాళ్ళు అక్కర్లేదు, ఫారం ఎవరైనా నింపగలిగేదే.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒకటి రెండు చెప్పి తీరాలి, ఇది చదివే వేరేవాళ్ళకి అవసరం పడుతుంది. బిల్డర్ దగ్గర కాకుండా స్థలం కొనుక్కుని సొంతంగా కట్టుకుంటున్నవాళ్ళకి ఆ కంప్లీషన్ నోటీసు నేరుగా వాళ్ళ పేరునే వస్తుంది. అది మామూలు ఉత్తరంలా ఉంటుంది, సొరుగులో పడేయకండి. అందులో వేసిన తేదీకి పని పూర్తి కాదనుకుంటే నోటీసు అందిన నాలుగు వారాల్లో వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి అప్పీలు చేయాలి. అంతకన్నా ముందే కౌన్సిల్‌కి ఫోన్ చేసి, వంటగది ఆర్డరు ఎప్పుడొస్తుందో, కరెంటు కనెక్షన్ తేదీ ఏదో కాగితాలు చూపించి వేరే తేదీ రాతపూర్వకంగా ఒప్పించుకుంటే అదే చెల్లుతుంది, పాత నోటీసు రద్దయినట్టే. కానీ మాటలు నడుస్తున్నాయి కదా అని ఆ నాలుగు వారాలు దాటనివ్వకండి. కార్పెట్లు, కర్టెన్లు లేవన్నది గట్టి వాదన కాదు. బాత్‌రూమ్ లేదు, నీళ్ళ కనెక్షన్ లేదు, మూడు నెలల్లో రాదు అన్నది వాదన.

ఇంకొకటి, బిల్డర్ దగ్గర అమ్ముడుపోకుండా ఏడాది పైగా ఖాళీగా ఉన్న ఫ్లాట్ తక్కువకి వస్తోందని కొనేవాళ్ళు జాగ్రత్త. సామాను లేకుండా ఏడాది ఖాళీగా ఉన్న ఇంటికి 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ళు రెట్టింపు పన్ను వేయొచ్చు, అంతకుముందు అది రెండేళ్ళు ఉండేది. ఆ ఏడాది కూడా ఇంటికే లెక్క, మనిషి మారితే మళ్ళీ మొదలవదు. కొన్న రోజే దిగితే సమస్య లేదు, అద్దెకి ఇద్దామని కొని నాలుగు నెలలు మనుషులు దొరక్కపోతే ఆ నాలుగు నెలలూ రెట్టింపు పడొచ్చు. అమ్మకానికి పెట్టిన ఇళ్ళ లాంటి వాటికి 2025 ఏప్రిల్ నుంచి కొంతకాలం మినహాయింపులు ఉన్నాయి, కొనే ముందే కౌన్సిల్‌ని అడగండి.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఉండే భయం కూడా ఒకటి తీర్చాలి. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక్కరే ఉంటే వచ్చే 25 శాతం తగ్గింపు పబ్లిక్ ఫండ్స్ (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కిందికి రాదు, నిశ్చింతగా తీసుకోండి. భార్యాభర్తల్లో ఒకరు ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఆ స్టూడెంట్‌ని లెక్కలోంచి తీసేస్తారు, అప్పుడూ 25 శాతం తగ్గుతుంది. ఆదాయం తక్కువైనవాళ్ళకి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం పబ్లిక్ ఫండ్సే, వీసాలో వద్దని ఉంటే దాని జోలికి వెళ్ళకండి. అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి కొన్ని నెలలు ఉన్నా వాళ్ళ అసలు ఇల్లు ఇండియాలోనే కాబట్టి మామూలుగా వాళ్ళని లెక్కపెట్టరు. మీ పరిస్థితి మారితే 21 రోజుల్లో కౌన్సిల్‌కి చెప్పాలి.

రోడ్లు ఇంకా కౌన్సిల్ తీసుకోలేదు, దీపాలు బిల్డర్ కంపెనీయే చూసుకుంటోంది, దానికి విడిగా మెయింటెనెన్స్ కడుతున్నాం, అయినా పూర్తి పన్నా అని చాలామంది బాధపడతారు. ఆ బాధలో న్యాయం ఉంది, నాకూ అది సరైన పద్ధతి అనిపించదు. కానీ కౌన్సిల్ ట్యాక్స్ ఫలానా సేవకి ఫలానా రుసుము అన్నట్టు ఉండదు కాబట్టి ఆ కారణంతో తగ్గించరు.

ఈ వారంలోనే మీరు చేయాల్సింది: సొలిసిటర్ పంపిన కంప్లీషన్ ఉత్తరం తీసి జూన్ 27 అని ఉందో లేదో చూడండి. బిల్డర్ అమ్మకాల కాగితాల్లో మొదటి ఆరు నెలలో ఏడాదో కౌన్సిల్ ట్యాక్స్ మేమే ఇస్తాం అనే ఆఫర్ ఉందేమో కూడా చూడండి, ఉంటే బిల్లు మీ పేరు మీదే వస్తుంది, మీరు కట్టి వాళ్ళ దగ్గర రాబట్టుకోవాలి. తర్వాత కౌన్సిల్‌కి ఒక్క ఈమెయిల్‌లో మూడు అడగండి, కంప్లీషన్ నోటీసు కాపీ, ఖాళీ ఇంటి తగ్గింపులో మిగిలిన రోజులు, మార్చి దాకా వాయిదాలు. అందులో ప్లాట్ నంబరు, ఇంటి నంబరు రెండూ రాయండి. జవాబు వచ్చాక ఆ నోటీసు మీద ఉన్న తేదీ, మీ మోడల్ ఇళ్ళ బ్యాండ్లు ఇక్కడ పెట్టండి, సవాలు ఫారంలో ఏం రాయాలో కలిసి చూద్దాం.